కర్చీఫు వేసిన సీటు

అన్యాయం జరిగింది ఎవరికి? మార్తమ్మకు, ఆమె కూతురు ఎస్తేరుకు. ఏమిటా అన్యాయం? డాబా ఎక్కితే కనిపించే ఆసుపత్రికి నడిచి వెళ్లడాన్ని నగరం నేరం చేసింది. తమంతట తామే పరుగెత్తే కార్లకు మనుషులు అడ్డమని, రవాణా కమిషనర్ ప్రభాకరం కాలిబాటలు తవ్వించాడు, బస్సులు తీసివేయించాడు. "ఈ రోజుల్లో నడిచేవాళ్లెవరు?" అని నవ్వాడు కూడా. ఎస్తేరు డయాలసిస్‌కు వెళ్లాలంటే అద్దె కారు ఊరంతా చుట్టి, వంతెనల మీద గంటల తరబడి నిలిచిపోయేది. ఒంట్లో నీరు చేరి ఆ పిల్ల కారులోనే స్పృహ తప్పిన రోజులున్నాయి.

కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి మార్తమ్మ జుట్టు నెరిసింది. చివరికి కాలిబాటలూ బస్సులూ తిరిగి ఇవ్వాలని తీర్పు వచ్చింది. బస్సూ వచ్చింది.

మొదటిరోజు జనం విరగబడ్డారు. మార్తమ్మ కిటికీలోంచి ముందు సీటు మీద కర్చీఫు పడేసి, కూతురి చెయ్యి పట్టుకుని పైకెక్కింది. అప్పటికే, ప్రారంభోత్సవానికి వచ్చిన కమిషనరే కర్చీఫు పక్కకు తోసి ఆ సీట్లో కూర్చుని ఉన్నాడు.

"లేవండి సారూ. కర్చీఫేశాను."

"గుడ్డముక్కేస్తే సీటు నీదైపోద్దా?" అన్నాడు, పుట్టి బుద్ధెరిగి బస్సెక్కని ఆయన సహాయకుడు.

"మీ సారునడుగు బాబూ. బస్సుల్లో తిరిగి చదువుకున్నోడేగా. రోడ్డు లాక్కున్నారు, ఇచ్చారు. బస్సు లాక్కున్నారు, ఇచ్చారు. ఇక సీటే మిగిలింది."

కమిషనర్ తల దించుకుని లేచాడు. ఎస్తేరు కిటికీ పక్కన కూర్చుంది. ఆసుపత్రి వచ్చేదాకా ఆయన కడ్డీ పట్టుకుని, కుదుపు కుదుపుకూ తూలుతూ నిలబడ్డాడు. మార్తమ్మ జాలిపడలేదు. నగరం ఆమెకు పడ్డ పాత బాకీ ఆనాటికి పూర్తిగా తీరింది.