బురదలో మోసిన బైకు

"తొక్కావంటే గేరు విరుగుతుందక్కా! భుజానెత్తుకో. నీ వెనకే వస్తాను" అన్నాడు తమ్ముడు క్లీటస్.

కాన్సాస్ పచ్చిక కొండల్లో వాన పడితే కంకరదారి బంకలా పట్టుకుంటుంది. మార్లిస్ తన తేలికపాటి కార్బన్ సైకిలును భుజాన వేసుకుంది. రెండు వేళ్లకు లేచే బైకు, బురద పట్టి దూడంత బరువెక్కింది. చీకట్లో రెండు మైళ్ల అవతల పందెం గేటు. ఇరవై నిమిషాల్లో మూసేస్తారు. ఆలస్యమైతే వరుసగా మూడో ఏడూ పందెం పోయినట్టే.

ఉన్నట్టుండి బరువు సగమైంది, వెనక చక్రాన్ని ఎవరో ఎత్తిపట్టుకున్నట్టు.

"వదల్రా! సాయం పట్టావని తెలిస్తే ఇద్దర్నీ తీసేస్తారు."

ఆమె అడుగు వెంటే బురదలో మరో అడుగు పడుతోంది.

"ఎవర్ని తిడుతున్నావక్కా?" ఎదురుగా మిట్ట మీదనుంచి క్లీటస్ కేకేశాడు. వాడి దీపం అక్కడే ఊగుతోంది. "గడ్డిలోంచి నిన్ను దాటేసి ఎంతసేపైందో! ఇక్కడ నేల గట్టిగా ఉంది, రా!"

మార్లిస్ వెనక్కి చూడలేదు. చూస్తే సమయం పోతుందని తనకు తాను చెప్పుకుంది. మిట్ట ఎక్కి బైకును దించింది.

ముందు చక్రం కంకర మీద ఆనింది. వెనక చక్రం గాలిలోనే ఉండిపోయింది.