చెంప ఆనించి

తన పాపకు చెవులు వినపడవేమోనన్నదే బ్లెస్సీ భయం. కొల్లేటి లంకలోని పుట్టింట్లో, నిరుడు పోయిన విశ్వాసం తాత స్వయంగా చెక్కుకున్న డోలక్‌ను అటక మీంచి దించి, పాప వెనక వాయించింది. పాప తిరగలేదు.

“గట్టిగా కొట్టవే!” అంది తల్లి సరోజ.

కొట్టింది. పాప పాక్కుంటూ వచ్చి డోలక్‌ చెక్కకు చెంప ఆనించింది. మళ్లీ కొడితే, చెక్క అదురు చెంపకు తగిలి కిలకిలా నవ్వింది.

“అచ్చం మీ తాతేనే! చివరి ఏళ్లలో మావయ్యగారూ ఇలాగే చెంప ఆనించి వాయించేవారు.”

బ్లెస్సీ చెయ్యి ఆగిపోయింది. “అయితే తాతకీ వినపడేది కాదమ్మా!”

“చర్చిలో అంత బాగా వాయించే మనిషికి చెవుడేంటే?” అని నవ్వబోయి, సరోజ నవ్వలేకపోయింది. “పిలిస్తే పలకరని పొగరనుకున్నానే. అన్నానికి పిలవడమే మానేశాను.”

“దీన్ని రేపే ఏలూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తా,” అంది బ్లెస్సీ, పాపను హత్తుకుని.

మీ ఇంట్లో పిలిస్తే పలకని పెద్దవాళ్లుంటే, ఈ పూటే ఎదురుగా కూర్చుని ఒకసారి పలకరించి చూడండి.