రెయిలింగ్ దగ్గర మనిషి

...లేకపోతే రోజూ సరిగ్గా ఈ వేళకే ఎందుకొస్తాడు?

పాడుతున్నది తోడి రాగం. ఆలోచిస్తున్నది ఆ ముసలాయన గురించి. నిరుపమకి తన మీద తనకే విసుగేసింది.

బూడిదరంగు ఉన్ని టోపీ. చేతిలో ఫ్లాస్కు. కొండ మీద ఇంత ఖాళీ స్థలం ఉండగా, తన కారుకీ ఆ చివరి రెయిలింగ్‌కీ మధ్యే వచ్చి నిలబడతాడు. రెయిలింగ్ అవతల ఏటవాలు, కింద ఎక్కడో వెల్లింగ్టన్ హార్బర్. చూడ్డానికి వచ్చినవాడైతే నీళ్ళ వైపు తిరగాలి కదా. ఇతని వీపు నీళ్ళకి. ముఖం తనకి.

ఫ్లాట్‌లో పాడితే పక్కవాళ్ళు గోడ తట్టేవారు. అందుకే క్లాసులయ్యాక కారులో ఇక్కడికి రావడం. ఇక్కడ తట్టే గోడ లేదు. అయినా అద్దాలు నాలుగూ బిగించుకుని, సగం గొంతుతోనే పాడుతుంది.

విజయవాడలో ఉన్న గురువు రామలింగేశ్వరరావుగారు మొన్న వీడియోలో అననే అన్నారు.

"గాంధారం దగ్గరికొచ్చేసరికి గొంతు నొక్కేసుకుంటావేంటమ్మా? పక్కగదిలో ఎవరైనా నిద్రపోతున్నారా?"

"అవునండీ, నా రూమ్మేట్. నైట్ డ్యూటీ చేసొచ్చింది."

"అయితే బయటికి పోయి పాడు. ఆదివారం వింటాను. ఇలాగే ఉంటే నీ మొదటి కచేరీ ఈ ఏడు వద్దు. హాలు వాళ్ళకి చెప్పేయ్."

నిరుపమ కళ్ళు మూసుకుంది. గాంధారం కదలాలి, చెదరకూడదు. తల దానంతటదే ఊగింది. చెదిరింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ చెదిరింది. ఆలాపన వదిలేసి కీర్తన అందుకుంది. చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది, కావలసినదానికంటే గట్టిగా.

అద్దం మీద టకటకమని చప్పుడు.

ముసలాయన వంగి చూస్తున్నాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి చూపిస్తున్నాడు. అద్దం అవతల పెదాలు కదిలాయి. బాగానే ఉన్నావా అని అడుగుతున్నట్టుంది.

నిరుపమ కారు స్టార్ట్ చేసి వెనక్కి తీసింది. ఆయన చేతిలో టీ తొణకడం మాత్రం కనిపించింది.

ఫ్లాట్‌లో షీనా అప్పుడే నిద్రలేచి, డ్యూటీకి జుట్టు ముడేసుకుంటోంది. ఇక్కడే, న్యూజిలాండ్‌లోని రోటోటూనాలో పెరిగిన పిల్ల.

"సీరియస్‌గా, నిరూ, దట్స్ క్రీపీ. పోలీసులకి రింగ్ చెయ్యి."

"ఏం చేశాడని చెప్పను?"

"చేసేదాకా ఆగుతావా?"

ఫోన్‌లో పోలీసావిడ ఓపిగ్గా వింది. ఆయనతో మాట్లాడతామంది.

మర్నాడు రెయిలింగ్ దగ్గర ఎవరూ లేరు.

ఇక హాయిగా పాడుకోవచ్చు. నిరుపమ శ్రుతి పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. లేడు. మళ్ళీ మూసుకుంది. గాంధారం మళ్ళీ చెదిరింది. ఇన్నాళ్ళూ ఆ తప్పు ముసలాయనది. ఇప్పుడు ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు.

శనివారం సాయంత్రం, పాలూ బ్రెడ్డూ అమ్మే మూలమీది డెయిరీకి వెళ్ళింది. కౌంటర్లో సరోజిని ఆంటీ ఉంది.

"గొంతుకి ఏమైనా ఇవ్వండి ఆంటీ. రేపే మా గురువుగారు వినేది."

"పాడతావా నువ్వు? ఎప్పుడూ చెప్పలేదే. మీ ఫ్లాట్ గోడలు అట్టముక్కలు కదా, ఎక్కడ పాడుకుంటావు?"

"కొండ మీద, లుకౌట్ దగ్గర. కారులో."

బిళ్ళల ప్యాకెట్ స్కాన్ చేస్తున్న ఆంటీ చెయ్యి ఆగింది.

"ఎర్ర కారా?"

"అవును."

"అమ్మాయీ, అది నువ్వా? అది పాటా?"

"మరేంటనుకున్నారు?"

"పాలకొచ్చినప్పుడల్లా గ్రాహం చెప్పేవాడు. ఉన్ని టోపీ పెట్టుకుంటాడే, ఆయన. ఒక ఇండియన్ అమ్మాయి కారు అద్దాలు బిగించుకుని ఏడుస్తోంది, తల అడ్డంగా ఊపుతోంది, తొడ మీద బాదుకుంటోంది, ఏం కష్టమో ఏమో అని."

నిరుపమకి నవ్వొచ్చింది.

"ఆలాపన ఆంటీ అది. తాళం."

ఆంటీ నవ్వలేదు.

"పోలీసులొచ్చి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళొద్దన్నారట. అప్పుడు నన్నడిగాడు. మీ భాషలో అడిగితే చెప్తుందేమో, సాయంత్రాలు నువ్వెళ్ళి కాస్త నిలబడతావా అని. షాపు వదిలి నేనెక్కడికి వెళ్ళను?"

"ఆయన ఇల్లు ఎక్కడ?"

"ఇంకెక్కడి ఇల్లు. నిన్న కొడుకొచ్చి డునీడిన్‌లో తన దగ్గరికి తీసుకెళ్ళిపోయాడు. ఎప్పటినుంచో రమ్మంటున్నాడులే. ఇన్నాళ్ళూ ఈయనే సాయంత్రాలు పని ఉందంటూ కదల్లేదు."

"ఫోన్ నంబరు?"

"నా దగ్గర లేదమ్మా."

నిరుపమ ప్యాకెట్ అందుకుంది. వెళ్ళబోయి ఆగింది.

"అసలు ఆయనకెందుకాంటీ అంత..."

ఆంటీ గొంతు తగ్గించింది.

"వాళ్ళమ్మాయి కూడా అక్కడే కారు ఆపుకుని కూర్చునేది. ఒంటరిగా ఉండాలనుకుంటోంది కాబోలని, ఈయన ఒక్కరోజు కూడా వెళ్ళలేదు. ఒక సాయంత్రం రెయిలింగ్ దగ్గర కారొక్కటే మిగిలింది."

కొండ మీద గాలి కారుని ఊపుతోంది. ఇంకా వెలుతురుంది.

నిరుపమ ఎప్పటి చోటే ఆపింది. ఎదురుగా రెయిలింగ్. మధ్యలో మనిషి లేకపోతే అది ఇంత దగ్గరని ఇప్పుడే తెలిసింది.

శ్రుతి పెట్టింది. గాంధారం గొంతులోకి వచ్చి ఆగింది.

నిరుపమ అద్దాలు నాలుగూ దించేసింది.