తగ్గకూడని అంకె

“మళ్ళీ తీసేస్తున్నారా?” అంది టానిస్.

జినెట్ బరువులెత్తే ఇనప బారు మీదికి వంగింది. బారుకు రెండు వైపులా ఉన్న చిన్న ప్లేట్లు ఊడదీసి పక్కన పెట్టింది. పోయిన వారం డెబ్బై తొమ్మిది కిలోలు. ఈ సోమవారం డెబ్బై ఆరు.

టానిస్ ఆ జిమ్‌లో కోచ్. ముప్ఫై ఏళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు. జినెట్‌కి అరవై ఒకటి. కెనడాలోని సడ్‌బరీలో బడి బస్సు నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దింపేసి, వారానికి మూడు రోజులు ఇటే వస్తుంది. నేల మీది బారును నడుము దాకా ఎత్తడం, దించడం, అలా ఐదుసార్లు. అదొక్కటే ఆమె వ్యాయామం. మిగతా వాటి వంక కన్నెత్తి చూడదు.

వేసవిలో చేరింది. పట్టుబట్టి అక్టోబరుకల్లా ఎనభై మూడు కిలోలు ఎత్తింది. ఆ రోజు టానిస్ గంతులు వేసింది.

“ఇంకొంచెం ఓపిక పట్టండి, వంద కొట్టేద్దాం! మే నెలలో పోటీలున్నాయి.”

“నాకు ఎనభై మూడు చాలు. ఇది తగ్గకుండా ఉంటే అదే పదివేలు” అంది జినెట్.

అప్పుడే టానిస్ ఆమె చేతికి ఒక వాచీ తగిలించి, ఫోనులో యాప్ పెట్టింది. ఎన్నిసార్లు ఎత్తిందో వాచీ లెక్కపెడుతుంది. ఎంత బరువో జినెట్ చెబితే యాప్ గీత గీస్తుంది. జిమ్‌లో అందరి గీతలూ పైకి పాకుతుంటే, జినెట్ గీత జారుడుబల్లలా దిగుతూ వచ్చింది. మీ బలం తగ్గుతోంది, బాగా తినండి, నిద్రపోండి అని యాప్ రోజూ ఒకటే నస. మనకు తెలిసిందే మనకు చెప్పడంలో ఈ యాప్‌లను మించినవి లేవు.

జిమ్‌కొచ్చే డెబ్బై ఏళ్ళ ఆర్వో కూడా ఊరుకోలేదు. “ఏమ్మా జినెట్, ఇలాగైతే వచ్చే ఏడాదికి చీపురు ఎత్తుతావు.”

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. సోమవారం సోమవారం ఒక అంకె మనసులో పెట్టుకుని వస్తుంది. దాని ప్రకారమే ప్లేట్లు వేస్తుంది. ఒక్క అరకిలో కూడా అటూ ఇటూ కానివ్వదు.

“ఎవరిస్తున్నారండీ మీకీ అంకెలు?” అంది టానిస్.

“నా లెక్క నాకుందిలే.”

ఫిబ్రవరిలో ఒక వారం మాత్రం ఆ గీత పైకి లేచింది. డెబ్బై ఒకటి కాస్తా డెబ్బై రెండయింది. ఆ రోజు జినెట్ పెద్ద డబ్బా నిండా బటర్ టార్టులనే మిఠాయిలు చేసి తెచ్చి అందరికీ పంచింది. ఆర్వో మూడు తిన్నాడు.

“ఒక్క కిలోకే ఇంత పండగా!” అంది టానిస్.

“నీకేం తెలుసే, కిలో అంటే మాటలా!”

ఆ సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. డెబ్బై. తర్వాత అరవై ఆరు. జినెట్ కళ్ళు లోపలికి పోయాయి. బారు ముందు నిలబడితే చాలు, ఒళ్ళంతా నీరసం కమ్మేసేది.

మార్చిలో టానిస్ ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. “దొంగ దొరికింది! ఇక్కడికి రాని రోజుల్లో కూడా ఎత్తుతున్నారు మీరు. ఆదివారం పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు. ఇదిగో, వాచీ చెబుతోంది.”

“ఇంటి సంగతులు కూడా మోసుకొస్తుందా ఇది?”

“అన్నీ మోసుకొస్తుంది. ఏంటి, ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తున్నారా?”

“ఇంట్లో పనులుంటాయి కదమ్మా.”

“అందుకే నీరసపడిపోతున్నారు. ఒక్క వారం ఏదీ ఎత్తకండి. బలం అదే వస్తుంది.”

“కుదరదు” అంది జినెట్. ఆ మాటలో విసుగు లేదు. ఉన్నదంతా అలసటే.

ఏప్రిల్‌లో ఒక సోమవారం అరవై ఒకటి. ప్లేటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. తీయాలంటే చెయ్యి రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టానిస్ దగ్గరికి వచ్చింది. “తగ్గిస్తే తప్పేముందండీ? ఇందులో సిగ్గెందుకు?”

“సిగ్గు కాదే. బరువు తగ్గేకొద్దీ ఎత్తడం కష్టమవుతోంది.”

“బాగా అలిసిపోయారు. పోనీ, అన్నీ తీసేసి ఖాళీ బారుతో మళ్ళీ మొదలుపెడదాం. ఏం పోయింది?”

“ఆ మాట నా ముందు అనకు!”

జిమ్‌లో అందరూ వెనక్కి తిరిగి చూశారు. టానిస్ మొహం మాడిపోయింది. పాపం, మంచికే చెప్పింది. జినెట్ కాసేపటికి తనే వెళ్ళి ఆ పిల్ల భుజం తట్టింది. తర్వాత అరవై ఒకటికి సరిచేసుకుని ఐదుసార్లు ఎత్తింది. అక్కడ అందరూ బారును ధడాలున వదిలేస్తారు. ఆమె మాత్రం ఐదుసార్లూ చప్పుడు కాకుండా, మెల్లగా, జాగ్రత్తగా దించింది.

మర్నాడు పొద్దున బస్సుకి బయల్దేరే ముందు, చచ్చుబడిన కాళ్ళ కింద ఒక చెయ్యి, వీపు వెనక ఒక చెయ్యి వేసి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎత్తుతుంటే, ఆమె మెడ పట్టుకుని అడిగాడు భర్త బెర్నార్డ్: “నిజం చెప్పు, ఈ వారం ఇంకెంత తగ్గాను?”