ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

అడవి అంచున బెల్లం బట్టీ దొరికింది మొదలు ఎలుగుబంటి మరో తిండి ముట్టలేదు. ఆ సంగతి దాని కడుపులోని కాలేయానికి తెలియదు. ఎప్పట్లాగే గిన్నెడు పైత్యరసం కింద పేగులో కాపురముండే బ్యాక్టీరియాకి పంపింది. ప్రతిసారీ వాళ్ళు అందులో తమ చేతివంట కాస్త కలిపి, "చాలు వదినా, ఇక కొవ్వు దాచకు" అన్న కబురుతో గిన్నె తిప్పి పంపేవారు.

ఈసారి గిన్నె ఖాళీగా వచ్చింది.

"ఎంత పొగరు!" అని కాలేయం అలిగింది. చాలన్న కబురు లేదు గనక కొవ్వు దాస్తూనే పోయింది. చివరికి తనకే కూర్చునే చోటు లేక పోట్లాటకి దిగింది.

"పొగరా, మా మొహమా!" అంది బ్యాక్టీరియా పెద్దావిడ నీరసంగా. "మా వంటంతా ఆకూ దుంపల పీచుతోనే కదా, అవి కంటబడి ఎన్నాళ్ళయిందని? ఏం కలిపి పంపమంటావు వదినా?"

అంతలో పైనుంచి, బెల్లం చప్పరిస్తున్న ఎలుగుబంటి గొంతు వినబడింది: "నీళ్ళు తాగినా ఒళ్ళొచ్చేస్తోందర్రా! మా వంశమే అంత!"