పదిహేడో నంబరు కండువా

“ఎవరి తాలూకు, మావుసీ?” అని ఒడియాలో పిన్ని వరస కలిపి అడిగింది, విందు హాలు గుమ్మంలో బల్ల దగ్గరి అమ్మాయి.

కాసమ్మ చేతిసంచిని గుండెకి అదుముకుంది. “సుమిత్ వాళ్ళమ్మని,” అంది తెలుగులో. ఒడియా రాక కాదు, గాభరా పడితే ఆమె నోట తెలుగే వస్తుంది. ఎవరు నువ్వని అడిగితే కొడుకు పేరు చెప్పడం వాళ్ళ ఊరు చమఖండిలో ఆడవాళ్ళకి ఉన్న అలవాటే.

“అయ్యో, మనోళ్ళే! మాది హల్దియాపదర్. నా పేరు రింకి. మొన్ననే ఫస్టియర్లో జేరినాను, ఇంకా ఎవులూ తెలీదు. రండి మావుసీ, తల్లిదండ్రుల టేబుళ్ళు ఎనకాల ఉన్నాయి.”

కాసమ్మ ఏదో చెప్పబోయేలోపే రింకి ముందుకి కదిలింది. పోనీలే, సుమిత్ వస్తే వెతుక్కునేది కూడా అక్కడే అనుకుని ఆ పిల్ల వెంట నడిచింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అసిరయ్య అప్పటికే ఓసారి ఆటపట్టించాడు. “ఏటి కాసమ్మా, ఇయ్యాల కేరేజీ నేదా? మూడేళ్ళ నుంచీ సూస్తన్నాను, వాన రానీ ఎండ రానీ కేరేజీ నేకుండా బస్సు దిగినావా నువ్వు?”

“ఇయ్యాల బోజనం ఈళ్ళే పెడతారంటయ్యా!” అని నవ్వేసింది. నవ్వైతే నవ్వింది గానీ, కళ్ళు మాత్రం బస్సులు వచ్చే దారి మీదే ఉన్నాయి.

బరంపురం యూనివర్సిటీలో ఎన్ని విందులు జరగవు! ఈ సినిమా విభాగం వాళ్ళది మాత్రం వేరే తీరు. బాగా చదివిన విద్యార్థులకి ఇక్కడ ఒక మండలి ఉంది. చదువు ముగిసే ఏడు విందు పెట్టి బహుమతులిస్తారు. స్టేజీ మీద పేరు పిలవరు, రోల్ నంబరే పిలుస్తారు. గెలిచినవాళ్ళకి ఇంటిమనిషి వచ్చి పట్టు కండువా కప్పాలి. కప్పాకే పేరు చదువుతారు. ఆ కండువాని ముందురోజే ఇంటికి పంపిస్తారు.

కాసమ్మ సంచిలో ఉన్నది అదే. ఎర్రంచు తెల్ల కండువా. నిన్నటి నుంచి ఎన్నిసార్లు మడత విప్పి మళ్ళీ పెట్టిందో లెక్కలేదు. ఆ ఒక్క నిమిషం కొడుకు పక్కన నిలబడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు ఆ పిచ్చితల్లికి.

పక్క కుర్చీలో సంచి పెట్టి, ఆరోసారి ఫోను చేసింది.

“ఎక్కడున్నావురా?”

“నాను రానన్నాను కదమ్మా.”

“ఒక్క నిమిసం రా నాయినా. కండువా కప్పేసినాక ఎల్లిపోదువు.”

“నా దోస్తులంతా ఆడే ఉంటారు. ఆళ్ళ ముందు స్టేజీ మీద నువ్వూ నానూ... నాకు సిగ్గమ్మా. మూడేళ్ళ నుంచీ ఆళ్ళ ఎకసెక్కాలు పడలేక సస్తన్నాను.”

“నానేటి తప్పు సేసినాన్రా?”

ఫోను కట్టయింది.

కాసమ్మ అరచేతులు వాసన చూసుకుంది. పొద్దున్నే నిమ్మచెక్కతో రెండుసార్లు తోముకుంది. అయినా చేపల వాసన పోయిందో లేదో ఆమెకి నమ్మకం కుదరలేదు. మొగుడు గంగన్న సముద్రంలో పోయి పదేళ్ళు. ఇంట్లో మిగిలింది ఇద్దరు. ఈ కాలేజీ గొడవ మొదలయ్యాక ఆ ఇద్దరి మధ్యా మాటలు లేవు. కంచంలో పెడితే తింటాడు, చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. కన్నకొడుకుతో ఒకే ఇంట్లో ఉండి ఒంటరిగా బతకడమంటే ఏమిటో కాసమ్మని అడగాలి.

చుట్టూ టేబుళ్ళ దగ్గర నవ్వులు, ఫోటోలు. రింకి పళ్ళెం తెచ్చి పెట్టింది. “మీవోడు ఇంకా రానేదా మావుసీ?”

“వొస్తాడు.”

“ఈ కుర్చీ ఖాళీయేనా?” అని ఎవరో అడిగారు. కాదంది. ఇంకొకరు అడిగారు. కాదంది. మూడోసారి అడిగినప్పుడు సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీ తీసుకుపోయారు. ఏడుపు ముంచుకొచ్చి, రొయ్యల కూరలో కారం ఎక్కువైనట్టు ముక్కు తుడుచుకుంది.

లైట్లు తగ్గాయి. ఉత్తమ చిత్రంలోంచి ఒక ముక్క వేశారు. ఒడ్డున పడవలు, వేలంపాట, బస్సు కోసం పరుగు. అంతా చేపలబుట్టలోంచి చూసినట్టే ఉంది, నడకకి తగ్గట్టు ఊగుతూ. బుట్ట అంచుకి కట్టిన నీలం నైలాను తాడు తెర మీద పెద్దగా కనిపించింది.

“బుట్టలో కెమెరా పెట్టడమేటి, బలే బుర్ర!” అంది రింకి. “ఆ బుట్ట ఎవులిదో!”

“నాదే,” అంది కాసమ్మ.

“అయితే ఇది మీ ఇంటి సినిమానా! సెప్పరేటి మావుసీ!”

అంతలో విభాగం పెద్ద కాశీవిశ్వనాథం గారు మైకు అందుకున్నారు. “రోల్ నంబరు పదిహేడు!” అని పిలిచి, ముందు వరస టేబుళ్ళన్నీ కళ్ళతో వెతికారు. ఎవరూ లేవలేదు. “పదిహేడు!” అన్నారు మళ్ళీ.

కాసమ్మ చివరిసారి తలుపు వైపు చూసింది. అక్కడ అసిరయ్య తప్ప ఎవరూ లేరు. లేచి నిలబడి, సంచిలోంచి కండువా తీసి రింకి చేతిలో పెట్టింది.

“నాతో రా తల్లీ. ఇది నువ్వు కప్పాల.”

“నానా? ఇంటోళ్ళే కప్పాలంట కదా!”

“నావల్ల కాదమ్మా. నువ్వు రా.”

ఇద్దరూ స్టేజీ ఎక్కారు. హాలంతా చప్పట్లు. రింకి కండువా మడత విప్పి, అటూ ఇటూ చూసి, మైకుకి వినపడకుండా గొంతు తగ్గించింది.

“సుమిత్ అన్నయ్య రానేదు కదా మావుసీ, మరి ఎవులికి కప్పమంటారు?”

కాసమ్మ తల వంచింది.

“నాకే అమ్మా, సదివింది నానే.”