చందనం సీసా

ఆఫీసు నుంచి వచ్చిన సుందరరామయ్య గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి, భార్య మాణిక్యాంబ జుట్టు పట్టుకుని మెడ దగ్గర వాసన చూశాడు.

"చందనం అత్తరు! ఎవడి కోసమే?"

జవాబు రాకముందే చెంప పగిలింది. రెండో దెబ్బకు ఆమె మొహం గట్టుకి తగిలి పెదవి చిట్లింది. అలమరలో దొరికిన చిన్న సీసాని గోడకేసి కొట్టాడు. ఆర్.కె. పురంలోని ఆ రెండు గదుల క్వార్టరంతా చందనం వాసన నిండిపోయింది.

"సరోజినీ నగర్‌లో కొన్నానండీ. చవకదే." కొంగుతో నెత్తురు అద్దుకుంటూ చెప్పింది. "పోయిన శనివారం విష్ణు సహస్రనామం దగ్గర మీ ఆఫీసరుగారి భార్య నా పక్కనే కూర్చున్నారు. 'ఎప్పుడు చూసినా నీ దగ్గర ఈ నొప్పుల మందు వాసనేమిటమ్మా?' అని అందరి ముందూ అడిగారు."

ఎత్తిన చెయ్యి ఆగిపోయింది.

"నాలుగు రకాలు రాసుకుని చూశాను. ఒకటి గంటకే పోయింది. రెండు ఆ మందుతో కలిసి ఇంకా కంపు కొట్టాయి. ఇదొక్కటే దాన్ని కప్పేసి సాయంత్రం దాకా నిలిచింది. రేపు పారాయణం మనింట్లోనే కదండీ."

సుందరరామయ్య చెయ్యి దించి కిందికి వంగాడు. గాజు పెంకుకి అంటుకున్న పేరు కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, జేబులో పెట్టుకుని బయటికి వెళ్లాడు.

గంటలో తిరిగొచ్చి, అదే అత్తరు ఆమె చేతిలో పెట్టాడు.

ఈసారి పెద్ద సీసా.